మణికట్టు ఎత్తు

ఫిబ్రవరి 6

కోడలమ్మకి మామయ్య దీవెనలు.

నిన్న ఫోనులో నేను "సరే, సరే" అన్నదంతా వినపడక అన్నదే. ఆ ఫోనులో నాకు సగం మాటే చెవిన పడుతుంది, మిగతా సగం నేను ఊహించుకోవాలి. నువ్వు ఏదో వండానన్నావో, ఎవరో పోయారన్నావో కూడా తేలలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. నీ అక్షరాలు కుట్టుమిషన్ మీద వేసిన కుట్టులా సన్నగా ఉంటాయి, కాస్త పెద్దవి చెయ్యి.

తుంటి ఎముక అతుక్కుందట. రోజూ పొద్దున్నే ఒక అమ్మాయి వచ్చి నా చేత కసరత్తు చేయిస్తోంది. నేను కసరత్తు పిల్ల అని పేరు పెట్టాను. "ఇంకొంచెం తాతగారూ, ఇంకొంచెం" అంటుంది. ఆ "ఇంకొంచెం"కి అంతు లేదు. చేతికర్ర మీద కొడవలిలా వంగి వరండా చివరిదాకా వెళ్లి వస్తున్నాను.

అసలు సంగతి చెప్తాను. నాకు ఇంటికి రావాలని ఉంది. మీ వదిన నన్ను బాగానే చూసుకుంటోంది, అల్లుడికీ వంక పెట్టడానికి లేదు. కానీ ఈ ఇంట్లో ఒక్క తలుపు సరిగ్గా పడదు, ఒక్క గడియ దాని కన్నంలోకి పోదు. చూస్తూ ఊరుకోలేక స్క్రూడ్రైవర్ అడిగితే మీ వదిన "నాన్నా, నువ్వు కూర్చో" అంటుంది. కూర్చుని కూర్చుని కుర్చీకే నా మీద విసుగు పుట్టింది.

పంపమంటే ఒకటే పట్టు. మన స్నానాల గదిలో గోడలకి కడ్డీలు బిగించి, ఆ గుమ్మం ఎత్తు తీయించేదాకా పంపదట. నేనూ తెగేసి చెప్పాను. ఆ ఇంట్లో ప్రతి తలుపూ, ప్రతి కిటికీ నా చేత్తో చేసినవి. అక్కడ ఆసుపత్రిలో మాదిరి తెల్ల కడ్డీలు బిగిస్తే నేను గడప తొక్కను. ఒకసారి కాలు జారినంత మాత్రాన రోజూ జారతానా?

నా పనిబల్ల మీద ఎవరూ ఏమీ పెట్టకండి. ముఖ్యంగా మీ ఆయన.

మామయ్య


ఫిబ్రవరి 13

మామయ్యగారికి నమస్కారం.

అక్షరాలు పెద్దవి చేశాను, చూశారా? ఇలా రాస్తే మన ఇంటి కబుర్లు చెప్పడానికి ఒక కాగితాల బస్తా కావాలి.

ఫోనులో నేను చెప్పింది వంటా కాదు, చావూ కాదు. మీ అబ్బాయి వంటింట్లో అర బిగిస్తానని గోడకి మేకు కొట్టారు. మేకు నిలబడింది, గోడ నిలబడలేదు. పళ్లెమంత పెచ్చు ఊడి పప్పు డబ్బాలో పడింది. ఆఫీసులో ఆయన కలం పడితే తిరుగులేదంటారు. ఇంట్లో మాత్రం సుత్తి చేతికివ్వకూడదని ఇప్పుడు ఆయనే ఒప్పుకున్నారు. ఇకనుంచి ఇంటి మరమ్మతులన్నీ నేనే చేద్దామనుకుంటున్నాను. మీ పనిముట్ల పెట్టె తెరిచాను, కోప్పడకండి. ప్రతిదీ తీసిన చోటే పెడుతున్నాను. నా కత్తెరతో ఎవరైనా కాగితం కోస్తే నాకెలా ఉంటుందో నాకు తెలుసు కదా.

కొన్ని సందేహాలు. ఒకటి, లోపలికి తెరుచుకునే తలుపుని బయటికి తెరుచుకునేలా మార్చాలంటే ఏం చెయ్యాలి? నా కుట్టు గది కోసం అడుగుతున్నాను, అక్కడ చోటు చాలడం లేదు. ఇంకోటి, పింగాణీ పలకలు అంటించిన గోడకి పలక పగలకుండా కన్నం వెయ్యడమెలా? వంటింట్లో గరిటెలు తగిలించుకుందామని.

ఆఖరిది. మీకు పైజమాలు కుడతాను. నిలబడి, చెయ్యి కిందకి వదిలేసి, మణికట్టు దగ్గర నుంచి నేల దాకా ఎంతుందో కొలిచి పంపండి. మర్చిపోకండి.

మీ కోడలు


ఫిబ్రవరి 19

కోడలమ్మా,

పెట్టె తెరిచావా? సరే, తెరిచావు కాబట్టి వినుకో. ఉలిని డబ్బా మూత తీయడానికి వాడకు. రంపాన్ని నేల మీద పెట్టకు. నీ గుడ్డ టేపుతో కొలవకు, అది నీతో పాటే సాగుతూ వచ్చింది. ఇనప టేపు మూత లోపలి సంచిలో ఉంటుంది.

తలుపు సంగతి. చట్రానికి లోపలి పక్క తలుపు వచ్చి ఆగే సన్నపాటి పట్టీ ఉంటుంది. నేను దాన్ని విడిగా చేసి మేకులతో కొట్టాను, అందుకు నన్ను మెచ్చుకో. దాన్ని మెల్లగా ఊడదీసి రెండో పక్కకి మార్చాలి. తర్వాత మడతబందులు విప్పి బయటి అంచుకి బిగించాలి. మడతబందు కూర్చునేంత గాడి ఉలితో తియ్యాలి, అంతకు మించి ఒక్క పొర కూడా తియ్యకు. పాత గాడిలో చెక్కముక్క అంటించి చదును చెయ్యి. తలుపు దించేటప్పుడు పైన మడతబందు ఆఖర్న విప్పు, లేకపోతే తలుపొచ్చి నెత్తిన పడుతుంది. మీ ఆయన్ని తలుపు పట్టుకోమను. పట్టుకోవడం ఒక్కటే. ఇంకేమీ చెప్పకు.

పలకకి కన్నం వేసేటప్పుడు కాగితం టేపు అంటించి దాని మీద గుర్తు పెట్టు. మేకు మొనతో చిన్న గాటు పెట్టి, డ్రిల్లు మీద ఉన్న మీటని దెబ్బ కొట్టని వైపు తిప్పి నిదానంగా పోనీ. పలక దాటాక దెబ్బ కొట్టే వైపుకి మార్చు. తొందరపడితే పలక రెండు ముక్కలు.

కొలత ఇదిగో, దారం పంపుతున్నాను. కసరత్తు పిల్ల పట్టుకుంది. ఒక కొస నేల, ముడి ఉన్న చోట నా మణికట్టు. మణికట్టు నుంచి నేలకి కొలిచి ఏ దర్జీ పైజమా కుడుతుందో నాకు తెలియదు. పెట్టె చేయించి అందులో పడుకోబెట్టే ఉద్దేశం ఉంటే నిలువు కొలత కూడా కావాలి, అడుగు.

ఇంకో మాట. ఉత్తరం మడిచాక గుర్తొచ్చి మళ్లీ విప్పాను. నీ కుట్టు గదికి తలుపెక్కడుంది? ఉన్నది కర్టెను కదా.

మామయ్య


ఫిబ్రవరి 27

మామయ్యగారికి,

మీ కళ్లు వందమైళ్ల అవతలున్నా తప్పించుకోలేం కదా! కర్టెను తీసి తలుపు పెట్టిద్దామని. అంతే. దర్జీ లెక్కలు దర్జీకి వదిలెయ్యండి.

పలకకి కన్నాలు దిగాయి. మొదటి పలక మీద మీ మాట వినలేదు, దానికి శిక్ష పడింది. తర్వాతవన్నీ బాగా వచ్చాయి. లోపల ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్లూ మీరు ఈ సంబరాన్ని ఒక్కరే దాచుకున్నారన్నమాట.

ఇక మీరు నవ్వుకునే సంగతి. మీ బీరువా వెనకాల పొడుగాటి టేకు కర్ర ఒకటి ఉంటే తీశాను. అందులో సగం ముక్క కోసి చిత్రిక పట్టాను. కోసేటప్పుడు అలవాటుగా రెండు కొసలా కుట్టుకి వదిలాను. బట్టయితే లోపలికి మడిచేస్తాం. కర్రని ఎక్కడికి మడుస్తాం? గోడ దగ్గర పెట్టి చూస్తే తలుపుకి అడ్డం తగిలింది. మీ అబ్బాయి నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయారు. గోడ పెచ్చు గుర్తు చేశాక లోపలికొచ్చి కర్ర పట్టుకున్నారు, నేను కోశాను.

మీ పనిబల్ల విప్పడం ఎలా? వెనక వరండాలో దారికి అడ్డంగా ఉంది, అక్కడి నుంచి తియ్యాలి. కాళ్లు కదిపి చూశాను, మేకు ఒక్కటీ కనపడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మీ కోడలు


మార్చి 4

కోడలికి,

బల్లకి మేకులుండవు. అడ్డపట్టీల కొసల్లో కర్ర చీలలున్నాయి, సన్నపు కొస వైపు నుంచి కొయ్యసుత్తితో కొడితే వెనక్కి వస్తాయి. నాలుగు చీలలు తీస్తే కాళ్లు విడిపోతాయి. పై చెక్క ఇద్దరు మోయాలి.

అడిగావు కాబట్టి చెప్పాను. ఇక నేను అడుగుతాను.

మన ఇంట్లో తలుపు లోపలికి తెరుచుకుని చోటు తినేసే గది నాదే. నువ్వు తలుపు తిప్పుతున్నది నా గదికి. కుట్టు మిషన్లు అందులోకి వస్తున్నాయి. బల్ల దారికి అడ్డమైంది. బీరువా వెనకాల కర్ర బయటికొచ్చింది. ఇవన్నీ కలిపి చూడలేనంత ముసలివాణ్ని కాదు. పని పెరిగింది, చోటు కావాలి, "మామయ్యా, మీ గది తీసుకుంటున్నాను" అంటే కాదంటానా? వంటింట్లో గరిటెలనీ, పైజమాలనీ ఈ డొంకతిరుగుడు ఎందుకు?

బాధ పడ్డాను. దాచుకోను. ఆ బల్ల నేను పెళ్లికి ముందు చేసుకున్నది.

ఇక్కడే ఉండిపోతానని మీ వదినతో చెప్పేశాను. పిచ్చిది, సంతోషపడింది. మన పక్క వీధి పాలిష్ మేస్త్రికి కూడా రాశాను, వచ్చి పనిముట్ల పెట్టె తీసుకెళ్లమని. పనిలో ఉన్న వాడి చేతిలో ఉంటే వాటికి తుప్పు పట్టదు. ఇచ్చి పంపు.

మామయ్య


మార్చి 9

మామయ్యగారికి,

పాలిష్ మేస్త్రి వచ్చాడు. పెట్టె ఇవ్వలేదు. టీ ఇచ్చి పంపాను.

మీ గదిలో మిషన్లు లేవు. నా మీద ఒట్టు. మిగతా సంగతి పని పూర్తయ్యాక రాస్తాను, అప్పటిదాకా ఏమీ అడక్కండి. డ్రిల్లుతో నాకు ఇంకా పని ఉంది.

మీ కోడలు


మార్చి 13

నీకు పని ఉందా! నా డ్రిల్లు, నా పెట్టె, నా మాట మీద వచ్చిన మనిషి. టీ ఇచ్చి పంపావా! మేస్త్రి ఏమనుకుని ఉంటాడు? ముసలాడి మాట ఇంట్లో చెల్లదనుకుని ఉంటాడు. నిజమే కదా.

నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకే చెప్పరు. ఇక్కడ మీ వదిన కూర్చోమంటుంది, అక్కడ నువ్వు అడగొద్దంటావు. బాగుంది.

కొలత తీసుకుని ఇన్నాళ్లయింది. పైజమా కూడా రాలేదు.

మామయ్య


మార్చి 17

మామయ్యగారూ,

మీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు మాడబెట్టాను. పైజమా మాటకి ఏడుపొచ్చింది. పని పూర్తయ్యాక చెబుదామనుకున్నాను. ఇక దాచను, మీరు తిట్టినా సరే.

నేను తిప్పిన తలుపు మీ గదిది కాదు. స్నానాల గదిది.

ఆ రోజు మీరు లోపల పడిపోయారు, నేను బయట ఉన్నాను. తలుపు తోస్తే వచ్చి మీ కాలికే తగులుతోంది. తోసిన ప్రతిసారీ మీరు మూలుగుతున్నారు. తొయ్యకపోతే లోపలికి రాలేను, తోస్తే మీకు దెబ్బ. పాలిష్ మేస్త్రి వచ్చి పై చెక్క పగలగొట్టేదాకా నేను ఆ తలుపుకి చెవి పెట్టి నిలబడి ఉన్నాను, మీ ఊపిరి వినపడుతోందా లేదా అని. ఆ తలుపు మళ్లీ లోపలికి తెరుచుకోవడం నేను చూడలేను. అందుకే తిప్పాను. ఇప్పుడది బయటికి తెరుచుకుంటుంది. చిటికెన వేలితో లాగినా వస్తుంది. పగిలిన చెక్క మార్చాను. మీరు చేసినంత అందంగా లేదు, కానీ గట్టిగా ఉంది.

గుమ్మం ఎత్తు కొట్టేసి సిమెంటుతో వాలు పోశాను. మొదటిసారి పోసింది బీటలు వారింది, తీసి మళ్లీ పోశాను. బల్ల ఎందుకు తీశానంటే, మీ గది నుంచి స్నానాల గదికి వెళ్లే దారిలో మీరు దాన్ని చుట్టుకుని నడవాలి. దాన్ని మీ గదిలోనే కిటికీ కింద వేశాను. పొద్దున ఎండ దాని మీదే పడుతుంది. చీలలన్నీ మీరు చెప్పినట్టే కొట్టాను, ఒక్కటీ విరగలేదు. దాని మీద ఎవరూ ఏమీ పెట్టలేదు. మీ అబ్బాయి ఒకసారి కాఫీ కప్పు పెట్టబోతే అరిచాను.

ఇక కడ్డీలు. మీరు తెల్ల కడ్డీలు వద్దన్నారు. తెల్ల కడ్డీ ఒక్కటీ లేదు. ఆ టేకు కర్రే. మీ చిత్రికతో గుండ్రంగా చేశాను, గరుకు కాగితంతో రుద్ది రుద్ది అరచేతికి నున్నగా తగిలేదాకా వదల్లేదు. గోడకి బిగించిన ఇత్తడి కాళ్ల మీద తలుపు దగ్గర నుంచి కొళాయి దాకా గోడ వెంబడి నడుస్తుంది. దాని ఎత్తు కోసమే మీ మణికట్టు కొలత అడిగాను. పైజమా అబద్ధం. మీ దారం పట్టుకుని, ముడి ఎక్కడ పడితే అక్కడ గుర్తు పెట్టాను.

ఆగుతుందా లేదా అని మీ అబ్బాయిని పట్టుకుని వేలాడమన్నాను. ఆయన బరువు మీకు తెలుసు. కాళ్లు మడిచి అటూ ఇటూ ఊగారు కూడా. కర్ర కదల్లేదు, గోడ కదల్లేదు. ఆయన బిగించనందుకు ఆయనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

అడిగితే ఒప్పుకోరని దాచాను. దాచి మిమ్మల్ని ఎంత బాధపెట్టానో ఇప్పుడు తెలిసింది. క్షమించండి. కానీ పెట్టె మాత్రం మేస్త్రికి ఇవ్వను. ఈ ఇంట్లో మీ సుత్తి చప్పుడు లేక నా మిషన్ ఒక్కటే మోగుతోంది, నాకు బాగాలేదు. మీరు రావాలి.

మీ కోడలు

మీ దారం జాగ్రత్తగా ఉంది. అంతే పొడుగు దారం ఇంకోటి తీసి ఈ ఉత్తరం మడతలో పెడుతున్నాను, దీని ముడి దగ్గర మీ చెయ్యి ఎలా ఆనుతుందో ఒకసారి చూసుకోండి.


మార్చి 28

కోడలమ్మా,

వెంటనే జవాబు రాయలేదు. ఉత్తరం చదివాను, మడిచాను, మళ్లీ తీశాను. మీ వదిన "ఏమైంది నాన్నా" అంది. కంట్లో నలుసు పడిందన్నాను. నమ్మలేదు.

ఆ తలుపు అవతల నువ్వు నిలబడ్డావని నాకు తెలుసు. నీ గాజులు వినపడుతున్నాయి. అందుకే గట్టిగా మూలిగాను, ఉన్నానని తెలియాలని.

టేకు కర్ర సంగతి. నా మొదటి పెద్ద పనిలో మిగిలింది అది. మంచి కర్ర, దేనికి వాడాలో తోచక ఇన్నేళ్లూ బీరువా వెనకాల పెట్టాను. నన్నడిగితే ఈ పనికి వద్దనేవాణ్ని. అడక్కపోవడమే మంచిదయింది. అలాగని ఇంకెప్పుడూ నా దగ్గర ఏదీ దాచకు, నా గుండె అంత గట్టి కర్ర కాదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. నీ కొలత తప్పింది.

నువ్వు పంపిన దారం కసరత్తు పిల్లకి ఇచ్చి పట్టుకోమన్నాను. గోడ పక్కన నిలబడి చెయ్యి వదిలాను. ముడి నా మణికట్టు దగ్గరకి రాలేదు, నాలుగు వేళ్లు కిందే ఉండిపోయింది. "దారం కురచ తీసినట్టుంది" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "దారం అదే ఉంది తాతగారూ, మీరే లేచారు" అంది. అద్దం ముందుకి తీసుకెళ్లింది. చూసుకున్నాను. చేతికర్ర లేకుండా, నిటారుగా నిలబడి ఉన్నాను. అప్పుడు వంగిపోయి ఉన్నవాడి కొలత నీకు పంపాను. తప్పు నాది, కొలిచింది నన్ను.

కాబట్టి నీ కర్ర నాకు తక్కువెత్తు. పట్టుకోవాలంటే మళ్లీ వంగాలి. వంగను.

మీ వదిన ఒప్పుకుంది. ఉండిపోతానన్న మాట వెనక్కి తీసుకున్నానని కాస్త ముఖం ముడుచుకుంది, తర్వాత తనే బట్టలు సర్దింది. వచ్చే ఆదివారం అల్లుడు తీసుకొస్తాడు. ఈలోగా ఆ కర్ర ఊడదీయకు. ఆ కన్నాలు పూడ్చకు. టేకులో మిగిలిన సగం ముక్క ఉంది కదా, అది బయట పెట్టు. డ్రిల్లు, ఇత్తడి కాళ్లు, పెద్ద స్క్రూడ్రైవర్ కూడా. నువ్వు బిగించిన కర్ర ఎడమ చేత్తో పట్టుకుని నిలబడి, కుడి చేత్తో పైది నేనే బిగిస్తాను. నువ్వు పక్కన ఉండు. మీ ఆయన్ని ఆ పూట బజారుకి పంపు.

మామయ్య


ఏప్రిల్ 2

మామయ్యగారికి,

మీ అబ్బాయి బజారుకి వెళ్లనంటున్నారు, ఆ రోజు ఇంట్లోనే ఉంటారట, చేతులు కట్టుకుని కూర్చుంటారట. నేను ఒప్పుకున్నాను, మీరూ ఒప్పుకోండి.

అడిగినవన్నీ కిటికీ కింద మీ బల్ల మీద పెట్టాను. పక్కనే పైజమాలు రెండు, నిజంగా కుట్టినవి. పాత కొలతకే కుట్టాను, ఇప్పుడు పొట్టి అవుతాయని నాకు తెలుసు. అంచులు విప్పి దించుతాను, బట్టకి కుట్టు వదలడం ఇందుకే.

మిగిలిన టేకు ముక్క మాత్రం కొలవలేదు, కొయ్యలేదు. దారాలతో కొలవడం ఇక చాలు. మీరు వచ్చి గోడ పక్కన నిలబడండి, అప్పుడు కొలుద్దాం.

మీ కోడలు